యాస తీసేయాలా, ఊరు మారాలా? అమెరికాలో తెర మీద నటించాలనుకునే ఒక తెలుగు నటికి జవాబు

మీ ప్రశ్నని కుదించి చెప్పుకుంటే ఇది. మీకు 31 ఏళ్లు. తెలుగు నాటకాల్లో పదేళ్ల అనుభవం ఉంది. ఏడాదిన్నర కిందట డల్లాస్ వచ్చారు. హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగి భార్యగా వచ్చే వీసా) మీద ఉన్నారు, ఈఏడీ (పని చేసుకునే అనుమతి కార్డు) చేతికొచ్చింది. ఇక్కడి టీవీలో, సినిమాల్లో నటించాలని ఉంది. యాస పోగొట్టుకోవాలా, లాస్ ఏంజెలస్‌కి మారాలా, పేరు కుదించుకోవాలా అని అడిగారు. చివర్లో ఒక మాట ఏదో పక్కవిషయంలా అనేశారు: ఒక టాలెంట్ ఏజెన్సీ వాళ్లు మిమ్మల్ని బాగా మెచ్చుకుని, 1,800 డాలర్లు కట్టి చేరమన్నారని.

ఆ చివరి మాటతోనే మొదలుపెడతాను. మిగతావి నెల ఆగినా నష్టం లేదు, అది ఆగదు. కట్టకండి. ఏజెంటు మీరు సంపాదించాక అందులోంచి తన వాటా తీసుకుంటాడు, ముందే తీసుకోడు. నటుల యూనియన్ ఒప్పందం కింద జరిగే పనుల్లో ఆ వాటా 10 శాతం. మేనేజర్ కూడా ఉంటే ఇంకో 10 నుంచి 15 శాతం పోతుంది. ఫొటోలు మా దగ్గరే తీయించుకోవాలి, క్లాసులు మా దగ్గరే చేరాలి, మా వెబ్‌సైట్‌లో పేరుకి ఇంత కట్టాలి అన్నారంటే, వాళ్ల వ్యాపారం మీకు పని ఇప్పించడం కాదు, మీరే వాళ్ల వ్యాపారం. కాలిఫోర్నియాలో ఇలా ముందస్తు డబ్బు తీసుకుని నటులకు ప్రాతినిధ్యం అమ్మడాన్ని నిషేధించే చట్టం 2010 జనవరి నుంచి ఉంది. 2017లో లాస్ ఏంజెలస్ సిటీ అటార్నీ, క్లాసుల పేరుతో డబ్బు తీసుకుని, నటుల్ని ఎంపిక చేసే కాస్టింగ్ వాళ్ల ముందు ఆడిషన్ చేయిస్తున్నారని ఐదు వర్క్‌షాపుల మీద కేసులు పెట్టాడు. మీరుండేది టెక్సస్ కాబట్టి ఆ చట్టం మీకు నేరుగా పనికిరాకపోవచ్చు, కానీ గుర్తుపట్టే గుర్తులు ఎక్కడైనా ఇవే. నేను కూడా వచ్చిన కొత్తలో ఒకచోట 600 డాలర్లు కట్టాను. ఫొటోలు ఇచ్చారు, అంతే. ఆ ఫొటోల్లో నేను పెళ్లికొడుకులా ఉన్నాను.

నా సంగతి రెండు ముక్కల్లో. 2008లో విద్యార్థిగా వచ్చాను. నటనలో ఎంఎఫ్ఏ (మాస్టర్స్ డిగ్రీ) చేశాను. ఓపీటీ (చదువయ్యాక విద్యార్థి వీసా మీదే పని చేసే అనుమతి) మీద ఒక ఏడాది, ఓ-1 (అసాధారణ ప్రతిభ ఉన్నవాళ్లకిచ్చే వీసా) మీద కొన్నేళ్లు, తర్వాత గ్రీన్ కార్డు. ఇప్పటికి తెర మీద పాతిక దాకా పాత్రలు చేశాను. వాటిలో ఎక్కువ భాగం నాలుగైదు లైన్ల కో-స్టార్ పాత్రలే. నా పేరు మీరు విని ఉండరు. కానీ ఇల్లు గడుస్తోంది, పని ఆగలేదు. నాకు తెలిసినది ఈ మధ్యరకం బతుకు గురించే.

కాగితాల విషయంలో మీరు అదృష్టవంతులు. 2015 మేలో మొదలైన హెచ్-4 ఈఏడీతో ఏ యజమాని దగ్గరైనా పని చేయవచ్చు, నటన కూడా అందులోకే వస్తుంది. సెట్‌కి వెళ్లిన మొదటి గంటలో ఐ-9 ఫారం (ఇక్కడ పని చేసే హక్కు ఉందని చూపించేది) నింపమంటారు, జనంలో ఒకరిగా నిలబడే బ్యాక్‌గ్రౌండ్ పనికి కూడా. అప్పుడు ఆ కార్డు ఒరిజినల్ మీ బ్యాగులో ఉండాలి. దాని గడువు తేదీ మాత్రం గోడ మీద రాసి పెట్టుకోండి. నాకు ఒకసారి ఒక సీరియల్‌లో మూడు రోజుల పాత్ర ఖాయమైంది, కొత్త అనుమతి కాగితం ఇంకా రాలేదు. షూటింగ్‌కి ముందురోజు ఇంకొకరిని తీసుకున్నారు. ఎవరి తప్పూ లేదు. ఆ పాత్ర ఆ తర్వాత ఇంకో రెండు సీజన్లు నడిచింది.

ఇది చదివే మిగతావాళ్లకి కూడా ఒక మాట. హెచ్-1బి అంటే పిటిషన్ వేసిన కంపెనీకి చేసే పని మాత్రమే. శనివారం షార్ట్ ఫిల్మ్ కదా, డబ్బు తీసుకోవట్లేదు కదా అనేది మన సొంత లెక్క. ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగకుండా ఆ లెక్క నమ్మకండి. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఓపీటీలో చేసే పని చదివిన కోర్సుకి సంబంధించి ఉండాలి, కాబట్టి కంప్యూటర్ సైన్స్ ఓపీటీ మీద నటన కుదరదు. ఓ-1కి ఎవరికి వారు దరఖాస్తు చేసుకోలేరు, ఇక్కడి యజమానో ఏజెంటో వేయాలి. సినిమా, టీవీ పనికైతే నటుల యూనియన్ నుంచి ఒకటి, నిర్మాతల వైపు సంస్థ నుంచి ఒకటి, రెండు అభిప్రాయ లేఖలు జతచేయాలి. మొదట మూడేళ్ల వరకు ఇస్తారు, తర్వాత ఏడాది చొప్పున పొడిగిస్తారు. పేపర్లో వచ్చిన సమీక్షలు, అవార్డు పత్రాలు, కాంట్రాక్టులు అన్నీ దానికి సాక్ష్యాలే, స్వదేశంలోవి కూడా. నాటకాల కరపత్రాలు, క్లిప్పింగులు పారేయొద్దు.

ఇక యాస. దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడాలి, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువ డబ్బు తగలేసేదీ ఎక్కువ బాధపడేదీ దీని దగ్గరే.

యాస ఉన్నందుకు పాత్ర పోయిన సందర్భాలు నాకు ఉన్నాయి. కానీ వెనక్కి తిరిగి నా పాత టేపులు చూస్తే, నేను అనుకున్నన్ని సార్లు కాదు. చాలాసార్లు పోయింది వేరే కారణానికి: రెండో భాషలో నేను మాటల్ని నటిస్తున్నాను, మనిషిని కాదు. తర్వాతి మాట ఏంటా అని వెతుక్కుంటుంటే కళ్లు ఒక్క క్షణం పైకి పోతాయి. స్టేజీ మీద మూడో వరసకే అది కనబడదు. కెమెరా క్లోజప్‌లో అది తప్ప ఇంకేం కనబడదు. మీరు తెలుగులో పదేళ్లు నటించారు కాబట్టి ఈ దెబ్బ మీకు మరీ గట్టిగా తగులుతుంది. తెలుగులో మాట దానంతటదే వచ్చేది, మీరు ఎదుటివాడిని చూస్తూ ఉండేవారు. ఇక్కడ మాటని మోసుకుంటూ నడవాలి.

దీనికి నేను చేసేది ఇది. సైడ్స్ రాగానే (ఆడిషన్‌కి పంపే రెండు మూడు పేజీల సీన్‌ని అలా అంటారు) ముందు దాన్ని తెలుగులో ఆడేస్తాను. చక్కటి అనువాదం కాదు, నా ఇంట్లో మాట్లాడే తెలుగు. అప్పుడు ఒక చిత్రం తెలుస్తుంది. మనం ఒక మాట మీద బరువు పెట్టాలంటే దాని చివర ఒక చిన్న ముక్క తగిలిస్తాం. "నేను ఇచ్చాను" వేరు, "నేనే ఇచ్చాను" వేరు, "నేను ఇచ్చానుగా" వేరు, "నేనా ఇచ్చింది?" వేరు. ఆ ఏకారం, ఆ గాకారం, ఆ దీర్ఘం మన కోసం పని చేసేస్తాయి. గొంతు కదపకపోయినా అర్థం కదులుతుంది. ఇంగ్లీషుకి ఆ తోకలు లేవు. అదే వాక్యంలో ఏ మాటని గొంతు ఎత్తి, సాగదీసి అంటారో దాని మీద ఆధారపడి అర్థం మారుతుంది. మనవాళ్ల ఇంగ్లీషు అమెరికన్ చెవికి చప్పగా వినబడేది అందుకే. మనకి భావం లేక కాదు, భావాన్ని తోకలో పెట్టే అలవాటు ఉండి, ఇక్కడ తోక దొరక్క. అందుకని తెలుగులో ఆడినప్పుడు ఎక్కడ "ఏ" వచ్చింది, ఎక్కడ "కదా" వచ్చింది, ఎక్కడ "లే" వచ్చిందో పెన్సిలుతో గుర్తు పెడతాను. ఇంగ్లీషు లైనులో సరిగ్గా ఆ మాట మీద బరువు వేస్తాను. యాస నేర్పే ఏ డైలెక్ట్ కోచ్ నేర్పింది కాదు ఇది, నాకు నేను తిప్పలు పడి కనుక్కున్నది. అన్ని సీన్లకీ పనిచేయదు. జోకుల మీద అసలు పనిచేయదు. కుటుంబ గొడవల సీన్లకి మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

శబ్దాల విషయానికొస్తే, అన్నీ ఒకేసారి పట్టుకోకండి. మనకి నాలుగైదు చోట్ల సర్దుకుంటే చాలు, సగం దూరం వచ్చేసినట్టే. మన 'వ' ఇంగ్లీషులోని రెండు వేర్వేరు శబ్దాలకి మధ్యలో ఉంటుంది. ఒకదానికి పై పళ్లు కింది పెదవికి తగలాలి, రెండోదానికి పెదవులు గుండ్రంగా చుట్టాలి, పళ్లు తగలకూడదు. మన 'ట', 'డ'లకి నాలుక వెనక్కి మడుస్తాం. వాళ్లు పై పళ్ల వెనక చిగురుకి ఆనిస్తారు. మాట మొదట్లో వచ్చే 'ప', 'ట', 'క'ల్లో వాళ్లకి మన ఒత్తక్షరాల్లో ఉండాల్సిన గాలి ఉంటుంది. ముఖం ముందు టిష్యూ కాగితం పట్టుకుంటే కదలాలి. ఇంకా, తెలుగులో ప్రతి అక్షరానికీ దాని భాగం దానికి ఇస్తాం, మాటని అచ్చుతో ముగిస్తాం. ఇంగ్లీషు ఒక అక్షరాన్ని పెంచి పక్కవాటిని మింగేస్తుంది. 'కంఫర్టబుల్' అని మనం నాలుగూ పలికితే వాళ్లు మూడుతో సరిపెడతారు. 'హోటల్'లో మనం మొదటి అక్షరాన్ని పట్టుకుంటే వాళ్లు రెండోదాన్ని పట్టుకుంటారు. ఈ మింగడం నేర్చుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఇప్పటికీ కోపం వస్తే మర్చిపోతాను, మా పిల్లలు నవ్వుతారు.

కాబట్టి తీసేయాలా అంటే, వద్దు. కాస్టింగ్ పిలుపుల్లో 'జనరల్ అమెరికన్' (ఏ ప్రాంతపు యాసా తెలియని అమెరికన్ ఇంగ్లీషు) కావాలని ఉంటే అది ఇవ్వగలగాలి, మీ సహజమైన యాస కావాలంటే అదీ ఇవ్వగలగాలి, మధ్యలో ఇరవయ్యేళ్లుగా ఇక్కడే ఉంటున్న డాక్టరమ్మ ఎలా మాట్లాడుతుందో అదీ రావాలి. నా అనుభవంలో ఎక్కువ పని దొరికింది ఆ మధ్యదానికే. ఆర్నాల్డ్ ష్వార్జెనెగర్ 1968లో ఇక్కడికొచ్చాడు. 1970లో వచ్చిన మొదటి సినిమాలో ఆయన గొంతు తీసేసి వేరేవాళ్లతో డబ్బింగ్ చెప్పించారు. ఆ తర్వాత ఆయన ఏ యాసతో ఎంత దూరం పోయాడో చెప్పక్కర్లేదు. అయితే ఆయన్ని చూసి ధైర్యం తెచ్చుకోవడం నాకు అంత ఇష్టం ఉండదు, ఆ శరీరం అందరికీ ఉండదు కదా. నాకు నచ్చే ఉదాహరణ షోహ్రే అగ్దష్లూ. 1979లో ఇరాన్ వదిలి ఇంగ్లండ్ వెళ్లి, 1987లో లాస్ ఏంజెలస్ వచ్చారు. ఏళ్ల తరబడి ఇరానీ ప్రేక్షకుల కోసం ఫార్సీ నాటకాలు ఆడారు. 2003లో వచ్చిన ఒక సినిమాతో ఆస్కార్ నామినేషన్ వచ్చింది, 2009లో ఎమ్మీ గెలిచారు. యాసనీ ఆ బొంగురు గొంతునీ ఆవిడ ఎక్కడా వదల్లేదు. మీరు తెలుగు సంఘాల నాటకాలు "టైం వేస్టేమో, మానేయాలా" అని కూడా అడిగారు. మానకండి. నెలలో ఒక్కసారైనా మాట వెతుక్కోకుండా నటించే చోటు మీకు కావాలి. అది లేకపోతే మీరు మంచి నటి అన్న సంగతి మీరే మర్చిపోతారు. నేను మూడేళ్లు మర్చిపోయాను.

యాస పెంచమని అడిగే రోజు కూడా వస్తుంది. నన్ను ఒకసారి టాక్సీ డ్రైవర్ పాత్రకి "ఇంకాస్త, ఇంకాస్త" అని పెంచుకుంటూ పోయారు, చివరికి నా నోట్లోంచి వస్తున్న యాస భూమ్మీద ఎవరిదీ కాదు. చేశాను. అద్దె కట్టాలి. ఇప్పుడు నా కొలత ఒకటే: ఆ మనిషికి సీన్‌లో ఏదైనా కావాలా, లేక ఊరికే నవ్వించడానికి ఉన్నాడా? కావాల్సింది ఏదో ఉంటే టాక్సీ డ్రైవర్ అయినా, కొట్టు నడిపేవాడైనా చేస్తాను. మీ కొలత మీరు పెట్టుకోండి, కానీ ఆడిషన్ రాకముందే పెట్టుకోండి. ఫోన్ వచ్చాక ఆలోచిస్తే అందరం ఒప్పుకునేస్తాం.

లాస్ ఏంజెలస్‌కి ఇప్పుడే వద్దు. కోవిడ్ తర్వాత మొదటి వడపోత దాదాపు మొత్తం సెల్ఫ్ టేపులకి మారింది. ఇంట్లో షూట్ చేసి పంపుతారు. డల్లాస్ నుంచి పంపినా, హాలీవుడ్‌లో పక్క వీధి నుంచి పంపినా ఫైలు ఒకటే. 2025లో టెక్సస్ శాసనసభ సినిమాలకిచ్చే ప్రోత్సాహకాన్ని రెండేళ్లకి 30 కోట్ల డాలర్లకి పెంచింది. పక్కన ఓక్లహోమా, లూసియానా, న్యూ మెక్సికో ఉన్నాయి. ఒక ప్రాంతంలో షూటింగ్ జరిగేటప్పుడు చిన్న పాత్రలకి స్థానికుల్నే తీసుకుంటారు, ఎందుకంటే విమానం, హోటల్ ఖర్చు తప్పుతుంది. 'లోకల్ హైర్' అంటే అదే. మీరు న్యూ మెక్సికోలోని అల్బుకర్కీలో లోకల్ హైర్‌గా చేస్తామని ఒప్పుకుంటే ప్రయాణం, బస మీ జేబులోంచే. ఒక్కరోజు పాత్రకి అది చాలాసార్లు గిట్టదు. కానీ రీల్‌లో (మన నటన క్లిప్పుల కూర్పు) పెట్టుకోవడానికి మొదటి రెండు క్లిప్పులు కావాలంటే గిట్టినట్టే అనుకోవాలి. డల్లాస్‌లో కంపెనీల శిక్షణ వీడియోలు, ప్రకటనలు కూడా ఉంటాయి. అవి చిన్నచూపు చూడకండి. సెట్ మీద ఎవరు ఎవరో, నేల మీద పెట్టే మార్క్ మీద ఎలా నిలబడాలో, ఒకే మాట పన్నెండుసార్లు ఒకేలా ఎలా అనాలో అక్కడ డబ్బు తీసుకుంటూ నేర్చుకోవచ్చు.

సెల్ఫ్ టేప్‌కి పెద్ద సరంజామా అక్కర్లేదు. ఫోను అడ్డంగా స్టాండ్ మీద, వెనక సాదా బూడిదరంగు లేదా నీలం గుడ్డ, ముఖం మీద మెత్తటి వెలుతురు, ఛాతీ నుంచి పైకి ఫ్రేమ్. చూపు లెన్స్‌లోకి కాదు, లెన్స్‌కి ఆనుకుని పక్కకి. ఎదుటి లైన్లు చదివే రీడర్ కెమెరా పక్కనే నిలబడి, మీకన్నా తక్కువ గొంతుతో చదవాలి. మీవారిని చదవమంటారు, సహజమే. ఆయన ఎంత నటిస్తే టేప్ అంత పాడవుతుంది, ముందే చెప్పండి. అన్నిటికన్నా కష్టం ఇంకోటి ఉంది: రెండు మూడు టేకులు చేసి ఆపేయడం. నేను ఒక రాత్రి నలభై ఒక్క టేకులు చేసి, పొద్దున్నే మూడోది పంపాను. 2023లో 118 రోజుల సమ్మె తర్వాత వచ్చిన ఒప్పందంలో యూనియన్ పనులకి కొన్ని హద్దులు పెట్టారు: మొదటి ఆడిషన్‌కి ఎనిమిది పేజీలకు మించి అడగకూడదు, కనీసం 48 గంటలు ఇవ్వాలి, కంఠతా పట్టాలని పట్టుబట్టకూడదు. యూనియన్‌లో లేని పనుల్లో ఇవేవీ లేవు, రాత్రి పదికి పంపి పొద్దున్న ఎనిమిదికి అడుగుతారు.

యూనియన్ అంటే సాగ్-ఆఫ్ట్రా. 2012లో రెండు సంఘాలు కలిసి ఏర్పడింది. ఒక యూనియన్ ప్రాజెక్టులో ఒక మాటైనా ఉన్న పాత్ర చేస్తే, లేదా మూడు రోజులు యూనియన్ బ్యాక్‌గ్రౌండ్ చేస్తే చేరే అర్హత వస్తుంది. అర్హత రాగానే చేరాలని లేదు. చేరడానికి 3,000 డాలర్ల దాకా కట్టాలి, ఏటా చందా వేరే. చేరాక యూనియన్ బయటి పనులు చేయకూడదు. టెక్సస్ 'రైట్ టు వర్క్' రాష్ట్రం కాబట్టి అక్కడ సభ్యత్వం లేకుండానే యూనియన్ పనులు కూడా చేయవచ్చు. మీ ఊళ్లో ఉన్న చిన్న పనుల్లో ఎక్కువ యూనియన్ బయటివే, ముందే చేరితే ఆ తలుపు మీరే మూసుకున్నట్టు. రీల్‌లో మూడు నాలుగు మంచి క్లిప్పులు పడేదాకా ఆగండి.

డబ్బు గురించి అడగలేదు, అయినా చెబుతాను. 2024 జూలైలో యూనియన్ సినిమా, టీవీ పనిలో ఒక్కరోజు పాత్రకి కనీసం 1,204 డాలర్లు ఉండేది. వినడానికి బాగుంటుంది. అలాంటి రోజులు ఏడాదికి ఎన్ని అన్నదే లెక్క. నాకు మొదటి మూడేళ్లలో మొత్తం ఆరు. యూనియన్ ఆరోగ్య బీమాకి అర్హత రావాలంటే 2021లో ఏడాది సంపాదన 25,950 డాలర్లు ఉండాలన్నారు. సభ్యుల్లో అత్యధికులకి అంత రాదు. అందుకే మధ్యాహ్నం రెండు గంటలు ఆడిషన్‌కి ఖాళీ దొరికే ఉద్యోగం ఏదైనా ఉంచుకోండి. అమ్మకాలు, ట్యూషన్, ఏదైనా. ఆడిషన్ రాగానే టెన్షన్ పడకుండా చేయగలిగేది, ఈ పాత్ర రాకపోతే అద్దె ఆగుతుందేమో అన్న భయం లేనివాళ్లే. ఆ భయం కూడా కెమెరాలో కనబడుతుంది. ఇక్బాల్ థీబా పాకిస్తాన్ నుంచి ఓక్లహోమా యూనివర్సిటీకి ఇంజనీరింగ్ చదవడానికి వచ్చి నటనలోకి వెళ్లారు. చిన్న చిన్న టీవీ పాత్రలు ఏళ్ల తరబడి చేశాకే జనం గుర్తుపట్టే ప్రిన్సిపాల్ పాత్ర వచ్చింది. మీకు ఎన్నేళ్లు పడుతుందో నేను చెప్పలేను. నేనైతే ఏడాదికి ఎన్ని పాత్రలొచ్చాయని లెక్కపెట్టడం మానేసి, ఎన్ని టేపులు పంపానో లెక్కపెట్టుకుంటాను. పోయినేడు 64.

ఇక పేరు. యూనియన్‌లో అప్పటికే ఉన్న సభ్యుడి పేరుతో రెండోవాళ్లు ఉండకూడదు కాబట్టి చేరేలోపే తేల్చుకోవాలి. కే హ్యూ క్వాన్ చిన్నప్పుడు సైగాన్ నుంచి కాందిశీకుడిగా వచ్చి, పన్నెండేళ్లకే పెద్ద సినిమాలో నటించి, మధ్యలో పేరుకి ముందు జొనాథన్ తగిలించుకున్నాడు. పాత్రలు రాక నటన వదిలేసి, రెండు దశాబ్దాల తర్వాత తన అసలు పేరుతోనే తిరిగొచ్చి 2023లో ఆస్కార్ అందుకున్నాడు. పేరు మార్చినందుకు పాత్రలు వచ్చాయనీ పోయాయనీ నేను అనను. పలకడానికి కష్టమైతే నేర్చుకుంటారు. పేరు పక్కన ఎలా పలకాలో రాసి పెట్టండి, స్లేట్‌లో (టేపులో పేరు చెప్పుకునే ముక్క) నిదానంగా చెప్పండి.

నేను మాత్రం మొదటి ఆరేళ్లు ఇంటిపేరు కోసేసి, అసలు పేరులో మొదటి రెండక్షరాలే వాడాను. ఆ రోజుల్లో చేసిన ఒక ఎపిసోడ్ మా అమ్మకి చూపించాను. చివర్లో పేర్లు పోతుంటే కళ్లజోడు పెట్టుకుని టీవీ దగ్గరికి వెళ్లి నిలబడింది. మొత్తం అయిపోయాక వెనక్కి తిరిగి, "అందరి పేర్లూ వేశారు, నీది వేయలేదేంట్రా?" అంది.